పాతదే అయ్యుంటుంది

మే 11, ఆదివారం

చెల్లి నర్సరీకి వెళ్ళొచ్చాను. గేటు దగ్గరే పట్టుకుంది, నీడలో కాసేపైనా కూర్చోనివ్వలేదు. "ముందు కొత్త మడి చూడు, టీ తర్వాత" అంది.

మరిది ఎవరో పెద్ద వ్యాపారి దగ్గర నుంచి, రోడ్ల పక్కన నీడకు వేసే వెండాకు మొక్కలు తెప్పించాడు. నడుమెత్తున్నాయి. ప్రార్థనకు వరుస కట్టిన బడిపిల్లల్లా నిలబడ్డాయి. గాలి వచ్చినప్పుడల్లా ఆకులు తిరగబడి, అడుగువైపు తెలుపు మెరుస్తోంది. చెల్లి వాటి మధ్య నడుస్తూ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేలా ఉంది. తన బట్టల కొట్టు మూతపడ్డాక మనిషి ఇలా నవ్వగా చూడలేదు నేను.

చివరి వరుసలో ఆగింది. "అక్కా, ఇవేంటో చూడు" అని ఓ కొమ్మ వంచింది. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు. ఒకటి రెండు చిగుళ్ళు తల వేలేశాయి.

"బూజా?" అంది.

"ఏ ఆకులో ఉండదే బూజు? ఆకన్నాక ఉంటుంది. ఎండలకి ఇలా బయటపడుతుంది."

"అంటే పర్లేదా? లేదంటే..."

"పర్లేదులే. ఆకలేస్తోంది, పద."

అన్నం తిన్నాం. మరిది జోకులు వేస్తూనే ఉన్నాడు. "మా ఆవిడకి నాకంటే ఈ మొక్కలంటేనే ప్రేమ వదినా, నాకు నీళ్ళిచ్చేది కూడా వాటికి పోశాకే" అన్నాడు. వచ్చేటప్పుడు మచ్చలున్న ఆకులు నాలుగు కోసి సంచిలో వేసుకున్నాను. చెల్లి చూడలేదు.

మే 12

లాబ్‌లో ఆకులు కడిగి, ముక్కలు కోసి, గాజు పళ్ళెంలో పెట్టాను.

నాకు తెలిసిన సంగతే మళ్ళీ ఎందుకు రాసుకుంటున్నానో. ఎంత పచ్చటి ఆకును తెచ్చి పైపైన అంటుకున్నదంతా కడిగేసినా, కొన్నాళ్ళకు ముక్కల అంచుల్లోంచి తెల్లటి దారాలు పాకుతూ బయటికి వస్తాయి. లోపల కాపురమున్న శిలీంధ్రాలు. చెట్టు జోలికి పోవు. ఆకు రాలిన తర్వాత దాన్ని మట్టిలో కలపడమే వాటి పని. నా ఉద్యోగమంతా వాటితోనే గడిచింది. పెళ్ళి సంబంధాలకు వచ్చినవాళ్ళు "ఏం చేస్తావమ్మా" అని అడిగితే "ఆకుల్లో బూజు చూస్తానండీ" అనేదాన్ని. మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు.

వెండాకులో ఉండేదాన్ని మా లాబ్‌లో 'పాతది' అంటాం. ఎప్పటినుంచో ఉంది, సాధువు. ఈమధ్య వేరే చోట్ల ఇంకోటి దిగింది. దాన్ని 'కొత్తది' అంటాం. చూపుకు రెండూ కవలపిల్లలే. కానీ కొత్తది ఆకులో ఆగదు. కాడలోంచి రెమ్మలోకి, రెమ్మలోంచి కొమ్మలోకి దిగి, చెట్టుకు నీళ్ళు పోయే దారి మూసేస్తుంది. మైక్రోస్కోపులో తేడా తెలియదు. జన్యుపరీక్షకు కేంద్ర లాబ్‌కు పంపాల్సిందే. పంపిన రోజునే మొక్కలున్న చోటికి తాళం పడుతుంది. ఫలితం మంచిదైనా, చెడ్డదైనా.

వానలు మొదలవబోతున్నాయి. నర్సరీకి ఏడాది మొత్తంలో అమ్మకాలుండేది ఈ నాలుగు రోజులే.

మన దగ్గరికి కొత్తది ఇంకా రాలేదు.

మే 14

పాతదే అయ్యుంటుంది.

మే 20

దారాలు బాగా పెరిగాయి. తెల్లగా మొదలై మధ్యలో గోధుమరంగుకు తిరిగాయి. పాతది కూడా ఇలాగే పెరుగుతుంది. కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. ఈసారి ఎండలు ఎక్కువ కదా.

నా పక్క బల్ల సహోద్యోగి వెనక నుంచి తొంగిచూశాడు. లాబ్‌లో అందరూ ఆయన్ని కళ్ళద్దాలు అంటారు. ఒక జత ముక్కు మీద, ఇంకో జత నుదుటి మీద, మూడో జత కోసం వెతుకుతూ ఉంటాడు.

"ఎక్కడివి మేడమ్ ఇవి?"

"తెలిసినవాళ్ళ పెరట్లోవి."

"తొందరగా పెరిగినట్టున్నాయే. పరీక్షకు పంపుదామా? అనుమానం తీరిపోతుంది."

"పెరట్లో చెట్టుకు కూడా జన్యుపరీక్షలేంటండీ? నవ్విపోతారు."

ఆయనే నవ్వాడు. వెళ్ళి నుదుటి మీది జత కోసం సొరుగులన్నీ లాగాడు. నేను పళ్ళెం మీద 'పాతది' అని రాసి వెనక అరలో పెట్టాను.

మే 23

ఒక ముక్క తీసి గాజు గొట్టంలో వేసి, మూత బిగించి, పార్సిల్ కట్టాను. పంపేద్దామని గట్టిగానే అనుకున్నాను. మెట్లు దిగుతుంటే చెల్లి ఫోన్. పనికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకుందట, వాళ్ళకి షెడ్డు వేయిస్తోందట. రేకుల షెడ్డు మంచిదా, తాటాకుదా అని అడిగింది.

రేకులది అన్నాను. పార్సిల్ బ్యాగులోనే ఉండిపోయింది. రేపు శనివారం, ఎల్లుండి ఆదివారం. సోమవారం చూద్దాం.

మే 26

సోమవారం.

జూన్ 2

చెల్లి లాబ్‌కే వచ్చేసింది. ఎప్పుడూ రాదు. మొహం వెలిగిపోతోంది. ఆసుపత్రి రోడ్డులో పాత వెండాకు చెట్ల మధ్య ఖాళీలున్నాయి కదా, వాటిలో వేయడానికి మున్సిపాలిటీవాళ్ళు మొక్కలు అడిగారట. రోడ్డుకు ఇవ్వగా మిగిలినవి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పట్టుకుపోయారట. మడి ఖాళీ.

"నువ్వు చూసి పర్లేదన్నావు కాబట్టి ధైర్యంగా ఒప్పుకున్నా. లేకపోతే ఆ మచ్చలు చూసి నాకే భయమేసింది" అంది.

ఇప్పుడు చెప్పొచ్చు అనిపించింది. నిజంగానే నోరు తెరిచాను. కళ్ళద్దాలు మా ఇద్దరికీ టీ పట్టుకొచ్చాడు. "మీ చెల్లెలా? అచ్చు మీ నవ్వే" అన్నాడు. ఆ నవ్వు చూస్తూ ఆ మాట ఎలా అనను?

"మంచిదే" అన్నాను.

పాతదే అయ్యుంటుంది. మచ్చలు చాలా చిన్నవి.

జూన్ 9

ఆసుపత్రి రోడ్డులో మొక్కలు నాటారు. నేను వెళ్ళలేదు. పని ఉంది.

జూన్ 17

వాన.

జూన్ 28

వాన. ఇలాంటి తేమలోనే రాలిన ఆకుకాడల మీద తెల్లటి బుల్లి గిన్నెలు పుడతాయి. వాటిలోంచి గాలిలోకి విత్తనాల్లాంటివి ఎగురుతాయి. పాతదానికీ అంతే, కొత్తదానికీ అంతే.

ఆసుపత్రి రోడ్డు మీదుగా రావడం మానేసి మార్కెట్ దారిన వస్తున్నాను. ఆ దారిన గుంతలు ఎక్కువ.

జూలై 18

కళ్ళద్దాలు తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు. చంకలో ఆసుపత్రి రోడ్డు చెట్ల కొమ్మలు. బల్ల మీద పరిచాడు. చివర్లన్నీ అగ్గిపుల్లతో కాల్చినట్టున్నాయి. బెరడు గోకితే లోపల గోధుమరంగు. మొదట కొత్త మొక్కలు వాడాయట, ఇప్పుడు పక్కనున్న పాత చెట్ల కొమ్మలకూ అంటిందట. ఆ చెట్ల కిందే కదా అమ్మను ఆసుపత్రిలో చూపించి, రిక్షా కోసం గంటలు గంటలు నిలబడేవాళ్ళం చెల్లీ నేనూ.

"ఇవాళే పంపేస్తున్నా మేడమ్" అన్నాడు. నన్ను అడగలేదు, చెప్పాడు.

ఆగస్టు 4

ఫలితం వచ్చింది. కొత్తది.

కాగితం చదివి ఆయన నా బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "మేలో మీరు పెట్టిన పళ్ళెం ఒకటుండాలి. తెలిసినవాళ్ళ పెరడన్నారు."

"అది ఎప్పుడో పారేశాను."

పొద్దున అన్న మాట అది. పళ్ళేన్ని పారేసింది మధ్యాహ్నం.

ఆగస్టు 5

నర్సరీ గేటుకు తాళం వేసి సీలు పెట్టారు. వెండాకు మొక్కలే కాదు, అన్నీ. చెల్లి ఫోన్ చేసింది. ఏడవలేదు. "అక్కా, నువ్వు వస్తావా?" అంది, అంతే. రేపు వస్తానన్నాను.

ఆగస్టు 6

వెళ్ళలేదు.

ఆగస్టు 8

వెళ్ళాను. కొత్త రేకుల షెడ్డు కింద స్టూలు వేసుకుని కూర్చుంది. మరిది నన్ను చూసి "రండి వదినా" అని, ఏదో పని ఉన్నట్టు అటు వెళ్ళిపోయాడు. పనికి పెట్టుకున్న ఇద్దరినీ పంపేశారట.

ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. ఆకులు కోసుకెళ్ళానని, అనుమానం వచ్చిందని, పార్సిల్ కట్టి కూడా పంపలేదని చెప్పాను. వింటున్నంతసేపూ చెల్లి నేల మీది పుల్లను కాలితో దొర్లిస్తూ ఉంది.

"నీకు మేలోనే తెలుసా?"

"తెలియదే. అనుమానమే."

"అనుమానమైతే అనుమానమని చెప్పొచ్చుగా."

"తాళం వేస్తారని... ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నావని..."

"ఆ రోజు నేను లేదంటే అని ఏదో అనబోయాను, గుర్తుందా? నువ్వు ఆకలన్నావు. లేదంటే ఈ మడి మొత్తం పీకి తగలబెట్టేస్తానక్కా అని అనబోయాను. ఒక్క మడి. మళ్ళీ వేసుకునేదాన్ని."

నాకు ఆ మాట తట్టనేలేదు. ఇన్ని నెలలూ ఇన్ని లెక్కలు వేసుకున్నాను. చెల్లి తట్టుకోగలదు అన్న లెక్క ఒక్కటీ వేసుకోలేదు.

"అమ్మ పోయాక నన్ను పెంచావు, కాదనను. నాకు నలభై ఏళ్ళొస్తున్నాయక్కా. ఇంకా అన్నం కలిపి పెడుతున్నావు" అంది. అరిచి ఉంటే బాగుండేది. మామూలుగా అంది.

టీ ఇచ్చింది. తాగి వచ్చాను.

ఆగస్టు 14

విచారణ. మా డైరెక్టర్ గారి గదిలోనే. ఆయన, మున్సిపాలిటీ ఆఫీసరు, కళ్ళద్దాలు, నేను. చెల్లిని, మరిదిని ఎదురుగా కూర్చోబెట్టారు.

మొక్కలకు మచ్చలు ముందే కనబడ్డాయా అని ఆఫీసరు అడిగాడు. కనబడ్డాయంది చెల్లి.

"ఎవరికైనా చూపించావా?"

"మా అక్కకి చూపించానండి."

కళ్ళద్దాలు నావైపు చూశాడు.

"ఏమంది?"

"అనుమానంగా ఉంది, అమ్మొద్దు, పరీక్షకి పంపుదామంది. నేనే వినలేదు. గొడవపడి పంపకుండా ఆపేశాను. తప్పు నాదేనండి."

మరిది తల తిప్పి దాన్ని చూశాడు. డైరెక్టర్ గారు నన్ను అడిగారు. "అంతేనా అమ్మా? నువ్వేమైనా చెప్పాలా?"

నాకు మాట్లాడే అవకాశం రాలేదు.

వచ్చింది. ఎదురుగా వచ్చి నిలబడింది. అందరూ ఆగారు. నేను నీళ్ళు నమిలాను. ఆయన దాన్నే అవునని రాసుకున్నారు.

చెల్లి ఇక మొక్కల వ్యాపారం చేయకూడదట. జీవితాంతం. పైన కేసు. బయట వరండాలో దాని చేయి పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది. "నర్సరీ ఎలాగూ పోయింది. నీ ఉద్యోగమన్నా ఉండనీ" అంది. "పెరడు పెరడని అబద్ధం చెప్పడం నీకే కాదు, నాకూ వచ్చు."

పెరడు మాట దానికి ఎవరు చెప్పారు? కళ్ళద్దాలే చెప్పి ఉంటాడు. అంటే ఆయనకు అంతా తెలుసు. తెలిసి కూడా గదిలో నోరు మెదపలేదు. నా నోటి నుంచి వస్తుందని చూసి ఉంటాడు.

ఆగస్టు 18

సెలవు పెట్టాను.

ఆగస్టు 19

సెలవు. తనే అన్నట్టు చెల్లేమీ చిన్నపిల్ల కాదు. తనకు తానుగా చెప్పింది. నేను కాదంటే దానిని అబద్ధాలకోరు అంటారు. దాని మంచికోసమే ఊరుకోవడం...

ఇలాంటి మాటే మేలోనూ చెప్పుకున్నాను.

ఆగస్టు 20

డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు. మొత్తం చెప్పాను. ఆకులు, పళ్ళెం, పార్సిల్, ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం పళ్ళెం చెత్తబుట్టలో పడేసిన సంగతి కూడా.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. "ఎందుకమ్మా ఇప్పుడు? మూసేసిన వ్యవహారం. వచ్చే ఏడాది నీకు నా కుర్చీ ఇద్దామనుకుంటున్నారు పైవాళ్ళు."

"మా చెల్లి మీద పడ్డది తీసేయండి సార్."

"తీస్తే నీ మీద పడుతుంది."

"నాదే కదా సార్."

ఆయన బెల్లు కొట్టి, టైపు చేసే మనిషిని పిలిచారు. చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఆగస్టు 30

ఉద్యోగం పోయింది. చెల్లి మీద కేసు కొట్టేశారు. వచ్చే ఏడాది నర్సరీ తెరుచుకోవచ్చట. మరిది ఫోన్ చేసి చెప్పాడు.

"మాట్లాడుతుందా?" అన్నాను.

"లేదు వదినా. కోపంగా ఉంది. ఒక్కటంటే ఒక్క అబద్ధం చెప్తే అది కూడా నిలబడనివ్వలేదు మా అక్క అంటోంది." నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు.

సెప్టెంబరు 11

ఆసుపత్రి రోడ్డులో చెట్లు కొడుతున్నారు. ఈసారి మార్కెట్ దారిన పోలేదు. వెళ్ళి చూశాను. కొత్తది ఇంకా పాకకుండా ఉండాలంటే ఇప్పుడు బాగున్నవి కూడా కొట్టేయాలి. రంపం చప్పుడుకి ఆసుపత్రి కిటికీల్లోంచి రోగులు చూస్తున్నారు. ఒకావిడ చేతికి సెలైన్ సూదితోనే గేటు దాకా వచ్చేసింది. "ఎవరికి అడ్డమొచ్చాయయ్యా ఇవి?" అని కూలీలను తిడుతోంది. వాళ్ళేం చెబుతారు? నేను చెప్పాలి. తల దించుకుని వచ్చేశాను.

నీడ లేని రోడ్డు ఇంత వెడల్పుగా ఉంటుందని తెలియదు.

సెప్టెంబరు 24

కళ్ళద్దాలు ఇంటికి వచ్చాడు. ఖాళీ చేసిన నా బల్లలో మిగిలిన సామాను తెచ్చాడు. కాసేపు తన అద్దాల గురించి మాట్లాడుకున్నాం. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి చెప్పాడు. "కొత్తది దిగిన చోట పాతది దొరకడం లేదు మేడమ్. ఆసుపత్రి రోడ్డు ఆకులు మొత్తం వెతికాను. ఒక్క ముక్కలో కూడా లేదు. కొత్తది దాని చోటు లాక్కున్నట్టుంది."

ఇన్నేళ్ళూ పాతదానితోనే కాపురం చేశాను. దాని పేరు చెప్పుకునే దాని కొంప ముంచాను.

"ఇంకా ఎక్కడైనా వెతుకుతారా?" అన్నాను.

"వెతుకుతాను. మీరుంటే తొందరగా దొరికేది" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో. మంచివాడు కాబట్టి అన్నాడు.

అక్టోబరు 5, ఆదివారం

పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడు. చెల్లి. వెనక వ్యాన్‌లో మరిది. వ్యాన్ నిండా ఖాళీ గోనెసంచులు.

"చెప్పులేసుకో" అంది. దాదాపు రెండు నెలలకు నాతో అన్న మొదటి మాట.

"ఎక్కడికే?"

"ఇళ్ళవాళ్ళు పట్టుకెళ్ళిన మొక్కలు పీకాలి. మున్సిపాలిటీవాళ్ళకి రోడ్డు వరకే గుర్తుంది. ఎవరెవరు తీసుకెళ్ళారో నాకు మొహాలు గుర్తే. నేనొక్కదాన్నే వెళ్తే తలుపు తీయట్లేదు. నీకు చెప్పడం వచ్చు, చదువుకున్నావు."

వ్యాన్ ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం. దాని భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. దారంతా కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉంది.

మొదటి ఇంట్లో తిట్టారు. రెండో ఇంట్లో మొక్క ఎప్పుడో ఎండిపోయింది, తీసుకుపొమ్మని దులిపేసుకున్నారు. ఒకరు కుక్కను వదిలారు. అది మరిది చేయి నాకింది. అతను ఆపకుండా నవ్వాడు, పాపం. చెల్లి కూడా కాస్త నవ్వబోయి నన్ను చూసి ఆపేసింది.

చివరి ఇల్లు రిటైరైన పోస్టుమాస్టరు గారిది. వీధి గుమ్మం పక్కనే మొక్క. చుట్టూ ఇటుకలు పేర్చి, సున్నం కూడా కొట్టాడు. ఎంత బాగా పెంచాడో, నా భుజం దాకా వచ్చింది. ఒక్క పక్క కొమ్మకు మాత్రం చివర నల్లబడింది. విషయం చెప్పాను. జబ్బు ఎలా పాకుతుందో, ఈ ఒక్కటీ వదిలేస్తే వీధి చివరి పెద్దచెట్లకు ఏమవుతుందో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అలాగా" అన్నాడు. "మరి మొక్కలిచ్చేటప్పుడు చూసుకోరా అమ్మా ఎవరూ?"

"తప్పేనండి, మా నర్సరీ..." అని చెల్లి మొదలుపెట్టింది.

"చూశానండి" అన్నాను నేను. "నేను చూశాను. చూసి, పర్లేదని చెప్పాను."

ఆయన కోపగించుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "సరే అయితే, నువ్వే పీకు. నా చేతులు రావు" అని అరుగు మీద కూర్చున్నాడు.

ఇటుకలు ఒక్కొక్కటే పక్కకు పెట్టాను. వాన పడి మట్టి మెత్తగా ఉంది. మొదలు పట్టుకుని అటూ ఇటూ ఊపితే కష్టపడకుండానే వచ్చేసింది. వేళ్ళు తెల్లగా, లావుగా, చివర్లకు మట్టి పట్టుకుని ఉన్నాయి.

"వేళ్ళు నిక్షేపంలా ఉన్నాయే" అన్నాడాయన.

"అవునండి" అన్నాను. "వేళ్ళకి ఏమీ కాలేదు."

మొక్కను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెల్లి వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుని, గోనెసంచి మూతి రెండు చేతులతో వెడల్పుగా తెరిచి పట్టుకుంది.

"ఇటివ్వక్కా" అంది.